పేరు ఒకరిది, చేయి ఒకరిది

ధ్యాన భాగములు: యిర్మీయా 36వ అధ్యాయము, 1 రాజులు 21వ అధ్యాయము, రోమీయులకు 16:22



రోమా సంఘమునకు పౌలు వ్రాసిన పత్రికను చదువునప్పుడు మనలో అనేకులు చివరి అధ్యాయమును త్వరత్వరగా దాటిపోవుదురు. అందులో పేర్లు తప్ప మరేమియు లేవని మన తలంపు. అయితే ఆ పేర్ల నడుమ మనము ఆగి చూడవలసిన పేరు ఒకటి కలదు. తెర్తియు అను సహోదరుడు ఆ పత్రికను వ్రాసినవాడను తానే అని తెలిపి, రోమాలోని విశ్వాసులకు తన సొంత వందనమును చెప్పుకొనుచున్నాడు. పదునారు అధ్యాయముల ఉపదేశము పౌలుది. కలము పట్టిన చేయి తెర్తియుది. పౌలు ఆ చేతిని దాచలేదు. ఒక్క వాక్యమంత చోటు ఆ వ్రాతగానికి విడిచి, అతని పేరును అతని నోటనే చెప్పనిచ్చెను.

ఈ మాసము మీ యెదుట ఉంచదలచిన ప్రశ్న ఆ ఒక్క వాక్యమునుండి పుట్టినది. ఒకరు వ్రాసి మరియొకరి పేరు పెట్టుట న్యాయమా? లోకములో ఎన్నడును పుట్టని మనిషికి ఒక పేరు కల్పించి, ఆ పేరుతో లక్షలాది ఆడపిల్లలకు ప్రేమను గూర్చి చెప్పుట న్యాయమా? ఇది పండితుల ప్రశ్న, మనకేల అని అనుకొనకుడి. మన పిల్లలు చదువు ప్రతి పుస్తకము వెనుకను, చేతి ఫోనులో చూచు ప్రతి కథ వెనుకను ఈ ప్రశ్న నిలిచియున్నది. దీనిని పరీక్షించుటకు అమెరికా దేశములో జరిగిన ఒక సంగతిని తీసికొందును. సంగతి దూరదేశపుదైనను, పాఠము మన వాకిటిదే.

ఆ పుస్తకముల సంగతి

1942లో మౌరీన్ డేలీ అను యువతి అమెరికాలో ఒక నవల ప్రకటించెను. దాని పేరు 'సెవెంటీన్త్ సమ్మర్', అనగా పదునేడవ వేసవి. కాలేజీలో చదువుకొనుచుండగానే ఆమె దానిని వ్రాసెను. విస్కాన్సిన్ రాష్ట్రములో తాను పెరిగిన ఫాండ్ డు లాక్ అను ఊరినే కథకు స్థలముగా చేసికొనెను. ఆంజీ అను పిల్లకును, రొట్టెల దుకాణము గలవారి కుమారుడు జాక్‌కును ఒక వేసవిలో కలిగిన స్నేహమే ఆ కథ. వేసవి ముగియగానే ఆ పిల్ల చదువు నిమిత్తము వేరొక చోటికి పోవును. పెండ్లితో గాని గొప్ప సంతోషముతో గాని ఆ కథ ముగియదు. ఒక పిల్ల, ఒక ఊరు, ఒక పేరు. ఆ పుస్తకమును గూర్చి ఎవరికైనను సందేహము కలిగినయెడల అడుగుటకు ఒక మనిషి ఉండెను.

తరువాత నలువది సంవత్సరములకు పని వేరు తీరుగా మారెను. 1980 ప్రాంతమున స్కొలాస్టిక్ అను ప్రచురణ సంస్థవారు 'వైల్డ్‌ఫైర్' అను పేరుతో యౌవనస్థులైన ఆడపిల్లల కొరకు ప్రేమకథల వరుసను వెలువరించిరి. 1981లో బాంటమ్ వారు 'స్వీట్ డ్రీమ్స్' అను వరుసను, సిల్హౌట్ వారు 'ఫస్ట్ లవ్' అను వరుసను ఆరంభించిరి. ఇవి పలుచని అట్ట గల చౌక పుస్తకములు. పిల్లలు తమ చేతి ఖర్చు డబ్బుతో కొనుక్కొనగలిగినవి. ఒక పుస్తకమునకును తరువాతి పుస్తకమునకును పొడవులో, నడకలో, ముగింపులో పెద్ద భేదముండదు. ఇటుకల బట్టీలో అచ్చు ఒక్కటే గదా! మట్టి మారును, అచ్చు మారదు.

వీటన్నిటిలో మిక్కిలి పేరుపొందినది 1983లో ఆరంభమైన 'స్వీట్ వ్యాలీ హై' అనునది. కాలిఫోర్నియాలో స్వీట్ వ్యాలీ అను ఊరు ఉన్నట్లు కల్పించి, అందలి హైస్కూలులో చదువు జెస్సికా, ఎలిజబెత్ అను కవల అక్కచెల్లెండ్రను గూర్చి కథలు చెప్పిరి. ఒకతె యుక్తులు పన్నునది, మరియొకతె నెమ్మదియైనది. నెల నెలకు ఒక పుస్తకము వచ్చుచుండెను. 1985లో ఆ వరుసకు చెందిన 'పర్ఫెక్ట్ సమ్మర్' అను పుస్తకము న్యూయార్క్ టైమ్స్ పత్రిక వారి అధిక విక్రయముల పట్టికకు ఎక్కెను. కవలలు చిన్నపిల్లలుగా నున్నప్పటి కథలకు ఒక వరుస, కాలేజీకి పోయిన తరువాతి కథలకు మరియొక వరుస, ఇట్లు కొమ్మలు వేయుచు ఇరువది సంవత్సరములు సాగి, కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయెను. మన దేశపు పట్టణములలోని అద్దె పుస్తకముల దుకాణములకు కూడ అవి వచ్చి చేరెను. ఇంగ్లీషు మీడియములో చదివిన నడివయస్సు స్త్రీలలో కొందరు ఆ పేరు వినగానే చిరునవ్వు నవ్వుదురు.

వ్రాసినవారి సంగతి

ఆ పుస్తకముల మీద కథ సృష్టించినవారుగా ఫ్రాన్సిన్ పాస్కల్ అను ఆమె పేరును, వ్రాసినవారుగా కేట్ విలియం అను పేరును ఉండెను. ఫ్రాన్సిన్ పాస్కల్ నిజమైన స్త్రీ. 2024లో వృద్ధురాలై మరణించెను. కేట్ విలియం అను మనిషి లేదు. పాస్కల్ కథా సంగ్రహమును వ్రాసి ఇచ్చును. ఆ సంగ్రహమును పుస్తకముగా పెంచుటకు వేరే వ్రాతగాండ్రు ఉండిరి. వారందరి వ్రాత కేట్ విలియం అను పేరుతో వెలువడెను. చిన్నపిల్లల వరుసకు జేమీ సుజాన్ అనియు, కాలేజీ కథల వరుసకు లారీ జాన్ అనియు వేరే పేర్లు. అవియు కల్పితములే.

కవలల స్వభావము, వారి ఇల్లు, స్నేహితులు, ఊరిలోని వీధులు, ఇవన్నియు తప్పిపోకుండ ఒక నియమావళి వ్రాసియుంచిరి. ఆ వ్యాపారములోనివారు అట్టి నియమావళిని 'బైబిలు' అని పిలుతురు. అది వారి వృత్తిలోని మాట, పరిహాసముగా అన్నది కాదు. అయినను ఆలోచింపదగినది. ఎవరు వ్రాసినను ఆ పుస్తకమును మీరరాదు, దాని పాత్రలను మార్చరాదు అను అర్థమున ఆ పేరు పెట్టిరి.

ఆ వ్రాతగాండ్రలో ఆమీ బోస్కీ అను ఒకామె సంగతి లోకమునకు తెలిసినదే. ఆమె హార్వర్డు విశ్వవిద్యాలయములో పదునేడవ శతాబ్దపు ఇంగ్లీషు సాహిత్యమును అభ్యసించు దినములలో పదులకొలది స్వీట్ వ్యాలీ పుస్తకములను వ్రాసెను. పగలు ప్రాచీన కవులను చదువుట, మిగిలిన వేళ కవలల కథలు వ్రాయుట. తరువాత బోస్టన్ కాలేజీలో ఆచార్యురాలైనది. తాను ఆ పని చేసిన సంగతిని తానే ఒక వ్యాసములో బహిరంగముగా చెప్పెను.

ఈ పద్ధతి పాస్కల్‌తో పుట్టినది కాదు. ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ అను వ్యాపారస్థుడు ఇరువదవ శతాబ్దపు ఆరంభమునుండియే ఇట్టి పుస్తకముల కార్ఖానాను నడిపెను. 1930లో అతని సంస్థ నుండి నాన్సీ డ్రూ అను పిల్ల కథలు వెలువడెను. అవి ప్రేమకథలు కావు, నేరముల గుట్టు తెలిసికొను కథలు. రచయిత్రి పేరు కరొలిన్ కీన్ అని వేసిరి. అట్టి మనిషియు లేదు. మొదటి పుస్తకములను వ్రాసినది మిల్డ్రెడ్ బెన్సన్ అను ఆమె. ఒక పుస్తకమునకు 125 డాలర్లు ఇచ్చి హక్కులన్నియు వ్రాయించుకొనిరి. పుస్తకము లక్షలు అమ్ముడైనను ఆమెకు మరియొక కాసు రాదు. తానే వ్రాసితినని చెప్పుకొనుటకు వీలు లేదు. దాదాపు యాబది సంవత్సరములు ఆమె తన మాట నిలుపుకొనెను. 1980లో ప్రచురణకర్తల నడుమ ఒక వ్యాజ్యము నడిచినప్పుడు సాక్ష్యము చెప్పవలసి వచ్చి, నిజము బయటపడెను. ఆమె ఒహాయో రాష్ట్రములో వార్తాపత్రికలో పని చేయుచు, 2002లో 96 ఏండ్ల వయస్సున మరణించెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. దీనిని మూడు భాగములుగా చూతము.

మొదటిది: పేరు మార్చుటయే అబద్ధమా?

కాదు అని చెప్పవలెను. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో వ్రాసినవాని పేరు లేదు. అందువలన ఆ పత్రిక అబద్ధమని ఎవరును అనరు. ఇంగ్లాండులో షార్లెట్ బ్రాంటీ 1847లో తన 'జేన్ ఐర్' నవలను కర్రర్ బెల్ అను మారుపేరుతో ప్రకటించెను. స్త్రీ వ్రాసినదని తెలిసినయెడల తూనిక వేరుగా నుండునని ఆ కాలపు భయము. ఆమె చెల్లెండ్రును అట్లే బెల్ అను పేరుతో వ్రాసిరి. ముగ్గురును ఒక్కడే అను వదంతి పుట్టినప్పుడు, 1848లో షార్లెట్ తన చెల్లెలు ఆన్‌ను వెంటబెట్టుకొని లండను నగరమునకు పోయి, ప్రచురణకర్త యెదుట నిలిచి, మేమే ఆ మనుష్యులము అని తెలిపెను. పేరు మారినది గాని, పిలిచినప్పుడు పలుకుటకు మనిషి ఉన్నది.

బారూకు సంగతి చూడుడి. యిర్మీయా చెప్పెను, బారూకు వ్రాసెను. రాజు యొక్క అధిపతులు ఆ గ్రంథమును విని భయపడి, ఈ మాటలు ఎట్లు వ్రాసితివని బారూకును అడిగిరి. అతడు దాచలేదు. ప్రవక్త తన నోట చెప్పగా తాను సిరాతో వ్రాసితినని స్పష్టముగా తెలిపెను. మాట ఎవరిదో, చేయి ఎవరిదో అడిగినవారికి తెలిసినది. ఆ నిజము చెప్పినందున అతడు దాగుకొనవలసి వచ్చెను, రాజు ఆ గ్రంథమును అగ్నిలో వేయించెను. అయినను నిజము చెప్పెను.

యెజెబెలు సంగతి దీనికి విరుద్ధము. నాబోతు ద్రాక్షతోట కొరకు ఆమె అహాబు పేరట ఉత్తరములు వ్రాసి, అహాబు ముద్ర వేసెను. పేరు ఒకరిది, చేయి ఒకరిది. నిర్దోషియైన ఒక మనుష్యుడు రాళ్లతో కొట్టబడి చనిపోయెను. తరువాత ఏలీయా వచ్చి తీర్పు చెప్పినప్పుడు ఎవరిని పట్టుకొనెను? ముద్ర ఇచ్చిన అహాబును విడువలేదు, వ్రాసిన యెజెబెలును విడువలేదు. నేను వ్రాయలేదు అని అతడు తప్పించుకొనలేడు. నా పేరు లేదు అని ఆమె తప్పించుకొనలేదు. దేవుని లెక్కలో పేరిచ్చినవాడును చేయి కలిపినవాడును ఇద్దరును నిలువవలసినదే.

గనుక కొలత ఇదియని నాకు తోచుచున్నది: ఆ మాట వలన ఒకనికి గాయమైనప్పుడు, పిలిచిన పలుకుటకు ఎవరైన ఉన్నారా? మనుష్యులు పలుకు వ్యర్థమైన ప్రతి మాటకును లెక్క చెప్పవలెనని మన ప్రభువు హెచ్చరించెను. లెక్క చెప్పుటకు నోరు కావలెను గదా. పేరు అనునది గర్వపడుటకే యియ్యబడలేదు, లెక్క చెప్పుటకు కూడ.

ఇక్కడ న్యాయముగా మాటలాడవలెను. ఫ్రాన్సిన్ పాస్కల్ దాగలేదు. తన పేరును అట్ట మీద వేయించి, అడిగినవారికి జవాబు చెప్పుచునే వచ్చెను. వ్రాతగాండ్రును తమ ఇష్టము చొప్పున ఒప్పుకొని వ్రాసిరి. దీనిని యెజెబెలు ఉత్తరములతో పోల్చుట అన్యాయమగును. అయితే పండ్రెండేండ్ల పిల్ల కేట్ విలియం అను ఒక అక్క ఎక్కడనో కూర్చుండి తన కొరకు ఈ కథ వ్రాసినదని నమ్మి, ఆ పేరును ప్రేమించినయెడల, ఆ నమ్మిక శూన్యము మీద నిలిచినది. ఆ నమ్మికను సరిచేయుటకు ఒక్క వాక్యము చాలియుండును. అట్లు చేసినవారు లేకపోలేదు. అదే కాలమున ఆన్ మార్టిన్ అను రచయిత్రి 1986లో ఆరంభించిన 'బేబీ సిట్టర్స్ క్లబ్' అను బాలికల వరుసలో, తరువాతి పుస్తకములకు ఇతరులు సహాయము చేసినప్పుడు, వారి పేరు చెప్పి కృతజ్ఞత తెలుపు చిన్న వాక్యము లోపల అచ్చువేసిరి. తెర్తియుకు పౌలు ఇచ్చిన చోటు అంతే గదా! ఆ ఒక్క వాక్యము వలన పుస్తకము అమ్మకము తగ్గలేదు.

రెండవది: పేరు లేని పనివాని సంగతి

పేరు లేకుండ పనిచేయుట అవమానమా? మన దేవాలయపు గోడలో రాయి చూడుడి. పునాది వేసిన పెద్దల పేర్లు చెక్కియున్నవి, చందా ఇచ్చినవారి పేర్లు చెక్కియున్నవి. ఆ పేర్లు చెక్కిన మేస్త్రి పేరు లేదు. ఎండలో ఇటుకలు మోసిన స్త్రీల పేర్లు లేవు. అందువలన ఆ గోడ అబద్ధపు గోడ కాదు. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకుండవలెనని మన ప్రభువు ధర్మమును గూర్చి బోధించెను. పేరు కోరక పనిచేయువాడు ధన్యుడు.

అయినను దేవుని గ్రంథము పనివారి పేర్లను ఎంత జాగ్రత్తగా దాచియుంచెనో చూడుడి. ప్రత్యక్షపు గుడారమును చేసిన బెసలేలు, అహోలీయాబుల పేర్లు నిర్గమకాండములో ఉన్నవి. యెరూషలేము ప్రాకారమును కట్టినవారిలో ఎవరు ఏ గుమ్మమును కట్టిరో, ఎవరు తమ యింటి యెదుటి భాగమును బాగుచేసిరో, నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము వరుసగా చెప్పుచున్నది. ఇంతేకాదు. బారూకు అలసి మూలిగినప్పుడు అతని నిమిత్తమే ప్రత్యేకముగా ఒక వర్తమానము వచ్చెను. యిర్మీయా గ్రంథము 45వ అధ్యాయము అదియే. గొప్పవాటిని వెదకకుమని అతనికి బుద్ధి చెప్పి, అతని ప్రాణమును అతనికి దోపుడు సొమ్ముగా ఇచ్చెదనని దేవుడు మాట ఇచ్చెను. ప్రవక్త యొక్క చేతిపనివాడని దేవుడు అతనిని మరువలేదు. కీర్తి ఇయ్యలేదు గాని, పేరుపెట్టి పిలిచెను.

గనుక తానే దాచుకొనిన పేరు వేరు, డబ్బిచ్చి కొనివేసిన పేరు వేరు. మిల్డ్రెడ్ బెన్సన్ ఒప్పుకొని సంతకము చేసినది, నిజమే. ఇచ్చిన మాటను నిలుపుకొనినది, అది మెచ్చుకొనదగినది. కాని ఒప్పందము జరిగినంత మాత్రమున న్యాయము జరిగినదని చెప్పలేము. లాబానుకును యాకోబుకును ఒప్పందము జరిగినది గదా! అవసరములో ఉన్నవాడు దేనికైనను సంతకము చేయును. మన ఊళ్లలో అప్పు పత్రముల మీద వ్రేలిముద్ర వేసినవారికి ఈ సంగతి నేను వేరుగా చెప్పనక్కరలేదు. కోత కోసిన పనివారి కూలి బిగపట్టబడినప్పుడు ఆ కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు తన పత్రికలో వ్రాసెను. పేరు కూడ ఒక విధమైన కూలియే. డబ్బు చెల్లించి పేరు బిగపట్టినయెడల సగము కూలియే చెల్లించినట్లు.

మూడవది: ఆ పేర్లతో చెప్పిన ప్రేమ ఎట్టిది?

కథ కల్పితమైనందున దోషము లేదు. తప్పిపోయిన కుమారుని సంగతి మన ప్రభువు చెప్పిన కథయే. ఆ పుస్తకముల వలన మేలు కలుగలేదని కూడ అనను. పుస్తకము ముట్టని పిల్లలు అనేకులు వాటి వలన చదువరులైరి. పని చేసి అలసిన పిల్ల ఒక గంట సేపు తేలికైన కథ చదువుకొనినయెడల, అది పాపమని చెప్పుటకు నాకు నోరు రాదు.

నా చింత వేరొకటి. అచ్చులో పోసిన కథలో ప్రేమకు అపాయము లేదు. చివరి పుట ముందే నిర్ణయమైనది. పిల్ల అందముగా నుండవలెను, అబ్బాయి ఆమెను చూడవలెను, చిన్న అడ్డంకి రావలెను, అది తొలగవలెను. ఒక చిన్న వివరము చెప్పెదను. 1983 నాటి పుస్తకములలో ఆ కవలల శరీరము సరిగ్గా ఆరవ కొలత దుస్తులకు తగినదై, లోపము లేనిదని వర్ణించిరి. 2008లో ఆ పుస్తకములను మరల అచ్చువేసినప్పుడు ఆ ఆరును నాలుగుగా మార్చిరి. అమెరికా దుస్తుల లెక్కలో అంకె తగ్గినకొలది నడుము సన్నము. ఇరువదియైదు సంవత్సరములలో లోపము లేని పిల్ల ఇంకను చిక్కిపోవలసి వచ్చెను! అప్పుడు అనేకులు ఆక్షేపించిరి. ఆరవ కొలతకు దిగలేక అద్దము ముందు ఏడ్చిన పిల్ల ఒకతె ఉన్నదనుకొనుడి. ఆమె ఎవరిని అడుగవలెను? కేట్ విలియంను అడుగవలెనా? అందుకే పేరు సంగతిని ఇంత దూరము సాగదీసితిని. లెక్క చెప్పు నోరు లేని చోట, కొలతలు తమంతట తామే బిగుసుకొనిపోవును.

వాక్యములోని ప్రేమలు ఒక్క అచ్చులో పోసినవి కావు. యాకోబు రాహేలు కొరకు ఏడు సంవత్సరములు కొలువు చేసెను, అవి అతనికి కొద్ది దినములుగా తోచెను. ఆ తరువాత అతడు మోసపోయెను. అమ్నోను తామారును ప్రేమించితినని తలంచి మంచము పట్టెను. తన కోరిక తీరిన గడియలోనే అంతకు మించిన ద్వేషముతో ఆమెను గెంటివేయించి తలుపు గడియ వేయించెను. రూతు కూలిపనికి వచ్చిన విధవ, పరదేశి. ఆమె అందమును గూర్చి గ్రంథము ఒక్క మాటయు చెప్పదు. ఆమె అత్తకు చేసిన మేలును గూర్చి బోయజు విన్నాడని మాత్రము చెప్పుచున్నది. ఈ మూడు సంగతులను మన యౌవనస్థులకు కలిపి చెప్పినయెడల, ప్రేమ అను ఒక్క మాట కింద ఎన్ని వేరు వేరు వస్తువులు దాగియున్నవో వారికి తెలియును.

ఇచ్చట ఒక అనుభవమును చెప్పనిండు. నేను పరిచర్యలోనికి వచ్చిన తొలి దినములలో, మా ఊరికి ఇంకను చేతి ఫోనులు రానప్పుడు, పెండ్లి నిశ్చయమైన ఒక పడుచువాడు నాయొద్దకు వచ్చెను. అతడు అయిదవ తరగతితో బడి మాని పొలము పనిలో దిగినవాడు. పెండ్లికూతురు పొరుగు మండలపు పిల్ల, పదవ తరగతి చదివినది. "అయ్యగారూ, ఆ పిల్లకు ఒక ఉత్తరం రాసిపెట్టండి. మంచి మాటలు మీకు తెలుసు గదా" అని అడిగెను. "వ్రాసిపెట్టెదను గాని, మాటలు నీవే చెప్పవలెను నాయనా" అంటిని. చాలసేపు తల వంచుకొని కూర్చుండెను. తరువాత మెల్లగా చెప్పసాగెను. గేదె ఈనినది, పెయ్యదూడ పుట్టినది. ఇంటి వెనుక వసారాకు తాటాకు కప్పించుచున్నాను. అమ్మకు కండ్లు సరిగా కనబడవు, ముందే చెప్పుట మంచిదని చెప్పుచున్నాను. నీకు ఇంకను చదువుకొనవలెనని ఉన్నయెడల నేను అడ్డురాను. ఇంతే. నేను ఒక్క అలంకారమును చేర్చక వ్రాసితిని. కింద అతడు వంకర అక్షరములతో తన పేరు వ్రాసి, "ఇది రాసింది మీరని కూడా రాయండి, నాకు ఇంత దస్తూరి ఉందనుకుంటుందేమో" అనెను. అట్లే వ్రాసితిని.

కొన్ని సంవత్సరములకు ఆ అమ్మాయి మా యింట మాటల సందర్భములో అనినది: "అమ్మ కళ్ళ సంగతి దాచకుండా చెప్పాడు గనుక మిగతావి కూడా నిజమే అనుకున్నానండీ." ఆ మాట నేను మరువలేదు. నేను నాకు తెలిసిన తియ్యని మాటలన్నియు వ్రాసియున్నయెడల, ఆ పిల్ల నా మాటలను నమ్మి అతనికి భార్యయై వచ్చియుండెడిది. ఆ తరువాత ప్రతి దినము అతని నోట ఆ మాటల కొరకు ఎదురుచూచియుండెడిది. ఎవరో వ్రాసిన ప్రేమను మన ప్రేమగా చెప్పుకొనుట వలన కలుగు నష్టము అదియే. ఆ ఉత్తరములో చేయి నాది, మాట అతనిది, ఆ సంగతి చదివిన పిల్లకు తెలిసినది. అందువలన ఎవరును మోసపోలేదు.

మనము చేయవలసినది

తలిదండ్రులారా, మీ పిల్లలు ప్రేమకథ చదువుచున్నారని పుస్తకము లాగివేసి పొయ్యిలో వేయకుడి. గ్రంథమును అగ్నిలో వేయుట యెహోయాకీము పద్ధతి. దాని వలన మాట చావలేదు. బారూకు రెండవ గ్రంథము వ్రాసెను, మరి ఎన్నో మాటలు దానికి కూడెను. పిల్ల ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్నలు అడుగుడి. ఇది ఎవరు వ్రాసిరి? వారికి ఏమి కావలెను, నీ మేలా, నీ డబ్బా? ఇందులోని ప్రేమ ఎవరి కొరకైనను ఏమైనను నష్టపోవునా? చదువు రాని తల్లియు ఈ మూడవ ప్రశ్నను అడుగగలదు. ఆమెకే దాని జవాబు ఎక్కువగా తెలియును.

యౌవనస్థులారా, మీకు ఒక్క మాట. నేడు అడిగిన మాత్రాన ఉత్తరములను, పాటలను, ప్రేమ మాటలను యంత్రములు కూడ వ్రాసి ఇచ్చుచున్నవి. కేట్ విలియం పేరు వెనుక కనీసము అద్దె చెల్లించుటకై రాత్రులు మేల్కొని వ్రాసిన మనుష్యులు ఉండిరి. యంత్రము వెనుక అదియు లేదు. ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయుటకు సహాయము తీసికొనుడి, తప్పు లేదు. కాని క్షమించుమని అడుగుట, నిన్ను ప్రేమించుచున్నానని చెప్పుట, నీతో జీవించెదనని మాట ఇచ్చుట, ఈ మూటిని మీ సొంత నోట, మీకు వచ్చిన వంకర మాటలతోనే చెప్పుడి. ఆ మాటలకు లెక్క చెప్పవలసినవారు మీరే గనుక.

సంఘ పెద్దలారా, మన యింటి సంగతి కూడ చూచుకొందము. క్రిస్మసు నాటకము వ్రాసిన టీచరమ్మ పేరు కార్యక్రమ పత్రములో ఉన్నదా? వార్షిక నివేదికను రాత్రంతయు కూర్చుండి వ్రాసిన యువకుని పేరును, దానిని చదివిన అధ్యక్షుని పేరుతో పాటు చెప్పితిమా? దేవాలయము ఊడ్చు విధవరాలి పేరు మనలో ఎందరికి తెలియును? ఒక్క వాక్యమంత చోటు చాలును. దానికి ఖర్చు లేదు. పౌలు వంటి అపొస్తలుడు తన పత్రికలో ఆ చోటు విడిచెను. మనము విడువలేమా?

గొప్పవారి పేర్లను రాళ్ల మీద చెక్కుదురు. తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరి మనకు కలడు. ఆయన యెదుట మారుపేర్లు లేవు, అద్దె పేర్లు లేవు. ఆ దినమున మన మాటలకు మనమే జవాబుదారులమై, మన పేరు పిలువబడగా సిగ్గుపడక పలుకునట్లు, ఆయన మనలను యథార్థవంతులనుగా చేయును గాక. ఆమెన్.